తెర తెల్లబోకుండా: కొత్త హెచ్‌డీ కెమెరాతో షూటింగ్ నేర్చుకునే వరస

శివరాత్రి జాగరణకు ధర్మవరం దగ్గరి ఒక పల్లెలో తోలుబొమ్మలాట ఆడిస్తున్నారంటే, కొత్త కెమెరా తీసుకుని అనంతపురం నుంచి పోయాను. కెమెరా కొని అప్పటికి నాలుగు రోజులు. అన్నీ ఆటోలో పెట్టి, రాత్రి పది నుంచి రెండు దాకా తీశాను. మరునాడు టీవీకి తగిలించి చూస్తే తెర మొత్తం సున్నం కొట్టిన గోడలా ఉంది. రావణుడి ఎరుపు లేదు, సీత చీర పచ్చ లేదు. బొమ్మ తెర నుంచి కాస్త వెనక్కి జరిగినప్పుడల్లా ఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంది. పాటకన్నా నా పక్కన కూర్చున్న పిల్లల మాటలే గట్టిగా వినిపించాయి.

కెమెరాలో లోపమేమీ లేదు. చుట్టూ చీకటి ఎక్కువ, వెలిగే తెర తక్కువ. ఆటో ఎక్స్‌పోజర్ ఆ చీకటిని చూసి, వెలుగు చాలడం లేదనుకుని పెంచింది. నేను చూడాలనుకున్నది తెర అని దానికి తెలియదు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంత దగ్గర ఇంత గొప్ప కళను పెట్టుకుని దాన్ని తెల్లటి పలకలా తీసుకొచ్చినందుకు చాలా బాధపడ్డాను.

మళ్లీ శివరాత్రి వచ్చేదాకా ఏడాది నేర్చుకున్నాను. నేర్చుకున్న వరసలోనే ఇక్కడ రాస్తున్నా. మీది హ్యాండీక్యామ్ కానీ, లెన్సు మార్చే మిర్రర్‌లెస్ కానీ, వరస ఇదే. ఆటో చేతిలో ఉన్న నిర్ణయాలను ఒక్కొక్కటే మన చేతికి తీసుకోవాలి. వారానికి ఒకటి చాలు. అన్నీ ఒకేసారి తీసుకుంటే ఏ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ముందు కార్డు, బ్యాటరీ

కార్డును కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. అంతకు ముందు అందులో ఉన్నవి వేరే చోటికి ఎక్కాయో లేదో రెండుసార్లు చూసుకోండి. కార్డు మీద యు3 అనో వి30 అనో ఉంటే అది సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని అర్థం, హెచ్‌డీకి దండిగా సరిపోతుంది. ఎంతసేపు పడుతుందో లెక్క కట్టడం తేలిక. మెనూలో 28 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 28 మెగాబిట్లు అని ఉంటే దాన్ని 8తో భాగించండి, సెకనుకు మూడున్నర మెగాబైట్లు వస్తుంది. అంటే గంటకు 12.6 జీబీ. అదే 50 ఎంబీపీఎస్ అయితే గంటకు 22.5 జీబీ.

బ్యాటరీలు కనీసం రెండు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండకు నిలబెట్టిన కారులో కెమెరా వదిలిపెట్టకండి, కార్డూ బ్యాటరీ రెండూ వేడికి ఓర్వవు. గాలి, దుమ్ము ఉన్నచోట లెన్సు మార్చకండి. దుమ్ము పడితే నోటితో ఊదొద్దు, రబ్బరు బ్లోయర్ వాడండి.

ఒకసారి పెట్టి వదిలేసే సెట్టింగులు

హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం ఇరవై లక్షలకు పైనే. పాత టీవీ బొమ్మలో 720, 576 మాత్రమే ఉండేవి. అంటే దానికి ఐదు రెట్లు. పాత క్యాసెట్ కెమెరాలో దాగిపోయిన ఫోకస్ తప్పు ఇందులో దాగదు.

రిజల్యూషన్ పక్కన 50ఐ, 25పీ, 50పీ లాంటివి కనిపిస్తాయి. 50ఐలో సెకనుకు యాభై సగం బొమ్మలు తీసి జత కలుపుతుంది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చూసినప్పుడు కదిలే వస్తువుల అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. అందుకే సెకనుకు పాతిక నిండు బొమ్మలు తీసే 25పీ పెట్టండి. వేగం తగ్గించి చూపాలనుకున్న షాట్లకు మాత్రం 50పీ. దాన్ని 25లో నడిపితే సగం వేగంతో నున్నగా ఆడుతుంది.

30 కాకుండా 25 ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు వందసార్లు ఎగిసి పడుతుంది, మన కంటికి తెలియదు. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడనిచ్చే సమయం, 1/50 సెకను దగ్గర ఉంటే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండేసి పోటులు పడి వెలుగు సమానంగా ఉంటుంది. 1/60 పెడితే గోడ మీద నీడ పట్టీలు పాకుతున్నట్టు వస్తాయి. మెనూలో ఎన్‌టీఎస్‌సీ, పాల్ అని రెండుంటే పాల్ ఎంచుకోండి. కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులు ఎంత చేసినా మినుకుతాయి. అలాంటి గదిలో ముందే పది సెకన్లు తీసి చూసుకోవాలి.

షట్టర్ ఇక 1/50 దగ్గరే తాళం వేసినట్టు. 50పీలో తీస్తే 1/100. ఫ్రేము వేగానికి రెట్టింపు ఉంచితే కదిలే చెయ్యి కాస్త మసకబారి, కంటికి అలవాటైన కదలికలా ఉంటుంది. ఎండగా ఉందని షట్టర్‌ను 1/1000కి తీసుకెళ్తే కదలిక తునకలు తునకలుగా కనిపిస్తుంది.

వెలుగు: మధ్యాహ్నపు శనక్కాయ చేనులో

షట్టర్ కదపం కాబట్టి వెలుగు తగ్గించడానికీ పెంచడానికీ రెండే మిగిలాయి. ఒకటి ఐరిస్, అంటే లెన్సు కంటిపాప. రెండోది గెయిన్, కొన్ని కెమెరాల్లో దాన్నే ఐఎస్‌ఓ అంటారు. గెయిన్ పెంచితే బొమ్మతోపాటు నూకల్లాంటి చుక్కలూ పెరుగుతాయి, కనుక అది చివరి ఆసరా.

ఈ పాఠం నేర్చుకోవడానికి ఎర్రనేలలో మిట్టమధ్యాహ్నం నిలబడటంకన్నా మంచి చోటు లేదు. ఐరిస్ చివరిదాకా మూసినా బొమ్మ తెల్లగానే ఉంటుంది. పైగా అంతగా మూస్తే చిన్న సెన్సార్ల మీద బొమ్మ పదును పోతుంది. దీనికి మందు ఎన్‌డీ ఫిల్టర్. లెన్సుకు నల్లకళ్లద్దం అనుకోండి. ఎన్‌డీ8 అంటే వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది. కెమెరాతోపాటు కొనాల్సిన మొదటి వస్తువు నా దృష్టిలో ఇదే, బ్యాగుకన్నా ముందు.

ఎండలో కెమెరా స్క్రీనును నమ్మకండి, వెలుగులో అది ఎప్పుడూ మసకగా కనిపించి మనచేత ఐరిస్ తెరిపిస్తుంది. మెనూలో జీబ్రా వెతికి 100కు పెట్టండి. ఎక్కడ వెలుగు హద్దు దాటిందో అక్కడ చారలు కదులుతాయి. చారలున్నచోట పంచె మడత కానీ, మేఘం కానీ బొమ్మలో లేనట్టే, తర్వాత ఎడిటింగ్‌లో లాగినా రాదు. సూర్యుడు, స్టీలు బిందె మెరుపు లాంటి చోట్ల చారలొస్తే రానివ్వండి. ముఖం మీద, తెల్లచొక్కా మీద రానివ్వద్దు.

ముఖానికి జీబ్రా 70 పెట్టమని చాలాచోట్ల చెబుతారు. అది తెల్లతోలు ముఖాలను బట్టి వచ్చిన అలవాటు. ఎండలో పనిచేసే మన రైతు ముఖం మీద 70 చారలు వచ్చేదాకా ఐరిస్ తెరిస్తే ఆయన రంగే మారిపోతుంది, వెనకాల ఆకాశం కరిగిపోతుంది. నేను 55 దగ్గర ఉంచుతాను. మనిషి రంగును మనిషి రంగులాగే తీయాలి, ఇందులో రాజీ వద్దు.

ఎండ నడినెత్తిన ఉంటే తలపాగా నీడ కళ్ల మీద పడి కళ్లే కనిపించవు. ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయగలిగితే సగం కష్టం తీరుతుంది. వీలుకాకపోతే వేపచెట్టు నీడలోకి పిలవండి. అప్పుడు వెనకాల ఎండపొలం ఫ్రేములోకి రాకుండా చూసుకోవాలి. తెల్ల థర్మకోల్ అట్ట ఒకటి ఎవరిచేతనైనా పట్టించి ముఖం మీదికి వెలుగు కొట్టించండి, నూరు రూపాయల లోపు పని.

రంగు: మగ్గం గదిలో

ధర్మవరంలో ఒక నేతగాడి ఇంట్లో మగ్గం తీస్తున్నాను. తలుపులోంచి పగటి వెలుగు, పైన ట్యూబ్‌లైటు, మూలన పాత పసుపు బల్బు. తీసింది ఆయనకు చూపిస్తే ఒక్కమాటలో తేల్చేశాడు. "ఇది వంకాయ రంగున్నా. నీ దాంట్లో నీలం కనపడతాంది." రంగే బతుకైన మనిషి ముందు తప్పు రంగు చూపించకూడదని ఆ రోజు గట్టిగా అనుకున్నాను.

వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. పగటి వెలుగు సుమారు 5600 కెల్విన్, షూటింగుల్లో వాడే పసుపు బల్బు 3200, ఇళ్లలోని పాత బల్బు ఇంకా కింద, 2700 దరిదాపుల్లో. వైట్ బ్యాలెన్స్ అంటే ఈ వెలుగులో తెలుపు అంటే ఏమిటో కెమెరాకు చెప్పడం. ఆటోలో వదిలేస్తే ఎర్రచీర ఫ్రేము నిండినప్పుడు ఒకలా, గోడ వచ్చినప్పుడు ఇంకోలా, ఒకే షాట్ నడుమ రంగు మారుతుంది.

ముందు వెలుగుల్లో ఒకదాన్నే ఉంచండి. తలుపు వెలుగు చాలితే లైట్లు ఆర్పించండి. తర్వాత తెల్లకాగితాన్ని కెమెరా దగ్గర కాదు, చీర ఉన్నచోట పట్టి, ఫ్రేము నిండేలా చూసి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్ నొక్కండి. ఎండ జరిగినప్పుడల్లా, అంటే గంటకోసారైనా, మళ్లీ చేయండి.

పట్టుచీరతో ఇంకో చిక్కుంది. పడుగు పోగుల సన్నటి గీతలకూ సెన్సార్ గీతలకూ పొత్తు కుదరక బట్ట మీద లేని అలలు కనిపిస్తాయి. కెమెరాను కాస్త పక్కకు తిప్పినా, దగ్గరికి జరిపినా అలలు పోతాయి. తీసేటప్పుడే చూసుకోవాలి, తర్వాత తీసేయడం దాదాపు అయ్యే పని కాదు.

ఫోకస్ కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. మాన్యువల్‌లో పెట్టి, పూర్తిగా జూమ్ చేసి, చూపించదలిచిన చోట పదును కుదుర్చుకుని, జూమ్ వెనక్కి తీసుకోండి. హ్యాండీక్యాముల్లో ఫోకస్ అలాగే నిలుస్తుంది. ఫొటో లెన్సుల్లో చాలావాటికి జూమ్ మారితే ఫోకస్ జరుగుతుంది, వాటికి స్క్రీనులో బొమ్మను పెద్దది చేసి చూపే బటన్ వాడాలి. పీకింగ్ ఉంటే ఆన్ చేయండి, పదునైన అంచులు రంగుతో మెరుస్తాయి. పోగును అటూ ఇటూ మోసే నాడె వెంట ఫోకస్ పరుగెత్తించకండి. ఒకే చోట నిలిపితే నాడె దానంతటదే ఆ చోటికి వచ్చి పోతుంది.

నిలబడటం, జూమ్: లేపాక్షి బసవన్న ముందు

లేపాక్షి ఏకశిలా నంది పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. దగ్గరికెళ్లి జూమ్ లేకుండా నంది ఫ్రేము నిండేలా తీయండి. తర్వాత బాగా వెనక్కి నడిచి, జూమ్‌తో నంది అంతే పెద్దగా వచ్చేలా తీయండి. మొదటిదాంట్లో మూతి పెద్దదై వీపు దూరంగా సాగిపోతుంది, వెనకాల చెట్లు చిన్నవవుతాయి. రెండోదాంట్లో నంది నిండుగా, నిజంగా ఉన్నట్టు ఉంటుంది, చెట్లు దగ్గరికొస్తాయి. జూమ్ అంటే నడక తప్పించే బటన్ కాదని ఈ రెండు షాట్లు పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. డిజిటల్ జూమ్ మాత్రం మెనూలో శాశ్వతంగా ఆపేయండి. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. అనుమతి లేకపోతే గట్టు మీదో, గోడ మీదో మోచేతులు ఆనించి తీయండి.

ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఆపండి, లేకపోతే పక్కకు తిప్పినప్పుడు బొమ్మ ఆగి ఆగి లాగుతుంది. ప్రతి షాట్‌నూ మనసులో పది లెక్కపెట్టేదాకా కదపకుండా ఉంచండి. కొత్తవాళ్లంతా చేసే పని, ఏదో కనిపించగానే అటు తిప్పడం, అది నచ్చక ఇటు తిప్పడం. అలా తీసినదాంట్లో ఎడిటింగ్‌కు పనికొచ్చేది రెండు సెకన్లు కూడా ఉండదు.

శబ్దం

బొమ్మ కాస్త చెడినా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. అయినా కొత్త కెమెరా కొన్నవాళ్లు లెన్సుకు వేల రూపాయలు పెట్టి మైకుకు వంద కూడా పెట్టరు. నా మాట వినండి. రెండో లెన్సు కొనే డబ్బుంటే ముందు మైక్, హెడ్‌ఫోన్ కొనండి.

కెమెరా మైక్‌కు దగ్గరున్నదే వినిపిస్తుంది. మీ ఊపిరి, ట్రైపాడ్ కిర్రు, పక్కవాళ్ల మాటలు. మాట్లాడే మనిషికి మీరు రెట్టింపు దూరం జరిగితే మైకుకు చేరే ఆయన గొంతు శక్తి నాలుగోవంతుకు పడిపోతుంది, గదిలోని గోల మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కాలర్ మైక్. గడ్డానికి జానెడు కింద పెట్టండి, కొంగు కానీ కండువా కానీ రాసుకోకుండా చూడండి. ఫ్యాన్ ఆపించండి. ఎండాకాలంలో అలా అడగడం కష్టమే, అందుకే పది నిమిషాలకోసారి విరామం ఇచ్చి ఫ్యాన్ వేయించండి. ఫ్రిజ్ ప్లగ్గు తీస్తే మళ్లీ పెట్టడం మరిచిపోకుండా మీ బండి తాళాలు అందులోనే పెట్టుకోండి.

శబ్దం ముల్లు గట్టి మాట దగ్గర మైనస్ 12 డెసిబెల్ చుట్టూ ఆడాలి. సున్నా తాకితే గొంతు పగిలిపోతుంది, దానికి మరమ్మతు లేదు. ఆటో లెవెల్ ఆపేయండి. మగ్గం గదిలో దెబ్బకూ దెబ్బకూ నడుమ నిశ్శబ్దం రాగానే ఆటో శబ్దాన్ని పైకి లాగుతుంది, గదిలోని హోరంతా పొంగినట్టు వినిపిస్తుంది. మళ్లీ దెబ్బ పడగానే అణిగిపోతుంది. వింటే తల తిరుగుతుంది.

రామగిరి గాలిమరల దగ్గర తీసినప్పుడు స్పాంజి తొడుగు చాలలేదు, మైకుకు బొచ్చు తొడుగు వేశాకే మాట వినిపించింది. మన ప్రాంతంలో బయట తీసేవాళ్లకు అది తప్పనిసరి. ఇంకొకటి, ఏ చోటికెళ్లినా ఎవరూ మాట్లాడకుండా ఒక అర నిమిషం ఆ చోటి శబ్దం పట్టుకోండి. మాటలు కత్తిరించి అతికించినప్పుడు నడుమ గుంతలు పూడ్చడానికి అదే మట్టి.

ఒక పనిని ఐదు షాట్లలో

ఆపకుండా గంటసేపు తీసినది ఎవరూ చూడరు. మగ్గాన్నే తీసుకోండి. చేతులు, నాడె దగ్గరగా. తర్వాత నేతగాడి ముఖం, చూపు ఎటుందో తెలిసేలా. తర్వాత మనిషీ మగ్గమూ మొత్తం. తర్వాత ఆయన భుజం మీదుగా, ఆయనకు కనిపించేది. ఐదోది మీరు వెతుక్కోవాలి. గుంతలో తొక్కే కాళ్లు కావచ్చు, పైన మెట్లుమెట్లుగా తిరిగే జాకార్డ్ అట్టలు కావచ్చు, గుమ్మంలో హోంవర్కు రాసుకునే కూతురు కావచ్చు. ప్రతిదాంట్లో పని మొదలై పూర్తయ్యేదాకా ఉండాలి, అప్పుడే ఒకదానికొకటి అతుకుతాయి. అన్నీ మగ్గానికి ఒకే పక్క నుంచి తీయండి. అవతలికి దాటితే నాడె ఒక షాట్‌లో కుడికి, మరో షాట్‌లో ఎడమకు పరుగెత్తి చూసేవాళ్లు తికమకపడతారు. పని ఆపి కెమెరా వైపు చూడమని అడగకండి. ఒక గంట ఊరికే కూర్చుంటే మిమ్మల్ని మరిచిపోతారు, అప్పుడు రికార్డ్ నొక్కండి.

మళ్లీ శివరాత్రి

ఈసారి సాయంత్రం ఐదుకే వెళ్లాను. తెర కడుతున్నప్పుడు మేళం పెద్దాయన్ని అడిగాను, దీపం వేసి ఒక బొమ్మను రెండు నిమిషాలు తెరకు ఆనించి పట్టుకోమని. ఈ రెండు నిమిషాలు అడగడానికి మొహమాటపడకండి, ఆ రాత్రంతా దీని మీదే నిలబడుతుంది.

షట్టర్ 1/50. జీబ్రా 100. బల్బుకు ఎదురుగా తెర మీద ఎక్కువ వెలిగే చోట చారలు పోయేదాకా ఐరిస్ మూశాను. చుట్టూ జనం పూర్తి చీకటైపోయారు, పోనీ. గెయిన్ ఆరు డెసిబెల్ దాటనివ్వలేదు. వైట్ బ్యాలెన్స్‌కు తెల్లతెరనే ఆధారం చేసుకుంటే దీపపు పసుపు మొత్తం పోయి తెర ఆసుపత్రి దుప్పటిలా అవుతుంది. అందుకే 3200 దగ్గర నిలిపాను. బల్బు అంతకన్నా పసుపు కాబట్టి ఆ వెచ్చదనం కొంత మిగిలింది. కొన్ని మేళాలు ఇప్పుడు ఎల్‌ఈడీ వాడుతున్నాయి, అక్కడ ఈ అంకె పనికిరాదు, చూసి మార్చుకోవాలి.

ఫోకస్ బొమ్మ నగల్లో పొడిచిన బెజ్జాల మీద కుదిర్చి, మాన్యువల్‌లో వదిలేశాను. బొమ్మ తెరకు ఆనుకున్నప్పుడు బెజ్జం బెజ్జం కనిపిస్తుంది, వెనక్కి జరిగితే నీడలా కరుగుతుంది. ఆ కరగడం ఆటలో భాగం. కెమెరా దాన్ని సరిదిద్దబోకూడదు. కెమెరా తెర నడిమి ఎత్తులో, జనం వెనకాల, జూమ్‌తో పెట్టాను. కదపలేదు.

శబ్దానికి చిన్న రికార్డర్‌ను తెర వెనకాల వెదురుకు, పాడేవాళ్లకూ హార్మోనియానికీ నడుమ వేలాడదీశాను. కాళ్లకింద తొక్కే చెక్కల చప్పుడు కూడా అక్కడే బాగా పడుతుంది. కెమెరా, రికార్డర్ రెండూ ఆన్ చేశాక కెమెరాకు కనిపించేలా ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాను. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు గీతలు రెండూ కలిపితే బొమ్మా పాటా కలుస్తాయి.

నాలుగు గంటలకు 28 ఎంబీపీఎస్‌లో సుమారు 50 జీబీ, 64 జీబీ కార్డు సరిపోయింది. కరెంటు నేరుగా ఇచ్చాను, కేతిగాడూ బంగారక్కా వచ్చి జనాన్ని నవ్విస్తున్నప్పుడు బ్యాటరీ మార్చుకుంటూ కూర్చోవడం ఇష్టం లేక. కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు అరగంటకు వాటంతటవే ఆగిపోతాయి, మీది ఆ రకమో కాదో ఇంట్లోనే చూసుకోండి. పెద్ద రికార్డింగులను చాలా కెమెరాలు ముక్కలు ముక్కలుగా రాస్తాయి. అందుకని ఒక్కో ఫైలు ఏరకుండా కార్డులోని ఫోల్డరు మొత్తం కాపీ చేయండి. రెండు వేర్వేరు డ్రైవులకు ఎక్కాక, రెండూ తెరిచి చూశాకే కార్డు చెరపండి.

చివరి మెట్టు, ఎవరిని తీశామో వాళ్లకు చూపించడం. బొమ్మలాట ఆడేవాళ్లు ఎప్పుడూ తెర వెనకాలే ఉంటారు. వారం తర్వాత టీవీలో పెడితే మేళం పెద్దాయన ఎరుపు బాగుందనీ అనలేదు, పచ్చ బాగుందనీ అనలేదు. ముందుకు వంగి హనుమంతుడి భుజాన్నే చూస్తున్నాడు. కాసేపటికి పక్కనున్న కొడుకుతో అన్నాడు, "చూడరా, చెయ్యి ఎత్తేది పాట కన్నా ఎనకబడతాంది." తర్వాత నా వైపు తిరిగి ఆ భాగం ఇంకోసారి వేయమన్నాడు.